మెట్ల కింది జాగా

"ఆ టేపు జేబుల పెట్టుకో అంజన్నా. ఇక్కడ చెక్క పని చెయ్యనియ్య," అంటూ మంగవ్వ స్టూలు లాక్కొచ్చి మెట్ల కింద అడ్డంగా కూర్చుంది.

వడ్రంగి అంజన్న బిత్తరపోయాడు. అతన్ని పిలిపించింది ఆమె కోడలు మానస. పసుపు బస్తాలు మార్కెట్‌కు పోయాక మెట్ల కింద మూల ఖాళీ పడింది. ఫోన్‌లో నెల రోజులు బొమ్మలు చూసి, చెప్పుల అరలు కట్టించాలని ఆమె ఖాయం చేసుకుంది.

"నిన్న సరేనంటిరి గద అత్తమ్మా?"

"నిన్నటిది నిన్ననే పాయె."

"పోనీ, దేవుని అర్ర చేద్దామా?"

"ఎక్కెటోళ్లు దిగెటోళ్లు దేవుని నెత్తి మీద తొక్కాల్నా?"

"వాషింగ్ మెషిన్?"

"వద్దు."

"ఇల్లు మీ పేరు మీదున్నదని గింత పట్టుదలనా? మరి ఏం చేద్దామంటరు?"

మంగవ్వ అంజన్న వైపు తిరిగింది. "జర కొలువు. పొడుగెంతున్నది?"

ఇప్పుడే కదా వద్దంది! అంజన్న తల గోక్కుంటూ కొలిచాడు. "ఆరున్నర ఫీట్లు. వెడల్పు మూడున్నర."

"మనిషి పండితె సరిపోతదా?"

"నీ అసుంటోళ్లు ఇద్దరు పండొచ్చవ్వా!"

మానస ముఖం పాలిపోయింది. "నేనేమన్న అంటినా అత్తమ్మా? మీ అర్ర మీకున్నది గద! మెట్ల కింద పండి నన్ను వాడకట్టుల నగుబాటు చేస్తరా?"

అంతలో మంగవ్వ కొడుకు రఘునందన్ ఫోన్‌లో అరుచుకుంటూ లోపలికి వచ్చాడు. "ఎన్నిసార్లు చెప్పాలె ఆశమ్మా? ఈడికి వద్దు. నవీపేటల మీ మరిది ఇంటికి తీస్కపో!"

ఆశమ్మ, ఆమె భర్త ఏసయ్య ఈ ఇంటి వెనక గదిలో ఇరవై ఏళ్లుగా కిరాయికి ఉంటున్నారు. ఏసయ్య పసుపు మార్కెట్‌లో హమాలీ. ఇక లాభం లేదు, ఇంటికి తీసుకుపొమ్మని పట్నం దవాఖానలో నిన్న రాత్రి చెప్పేశారు. ఈ ఆర్మూర్‌లోనే కళ్లు మూస్తానని అతని పట్టు.

"ఏడిదాక వచ్చిన్రు?" మంగవ్వ స్టూలు మీంచి లేచింది.

"జక్రాన్‌పల్లి దాటిన్రంట. ఆమె వింటలేదు. కిరాయి ఇంట్ల పీనుగు లేవద్దమ్మా, ఓనర్లకు మంచిది కాదు. వాడకట్టంత మన మీదికొస్తది."

"మీ నాయిన ఆఖరిసారి దవాఖాన నుంచి వస్తె, బండ్లకెళ్లి ఎత్తుకొని ఈ ఇంట్లకు తెచ్చిందెవరు?"

రఘునందన్ నేల చూశాడు. "ఏసయ్యనే. కని అది వేరు. నాయినది సొంతిల్లు. సొంతిల్లైతె ఎవ్వలేమంటరు?"

మానసకు ఏదో తట్టింది. "అంటే... ఏసయ్యను ఈ మెట్ల కింద పండబెడ్తరా?"

"ఊఁ."

"వెనక అర్రల ఉంటె కిరాయి, మెట్ల కింద ఉంటె కిరాయి కాదా?" రఘునందన్ విసుక్కున్నాడు.

"కాదు," అంది మంగవ్వ.

మొగుడూ పెళ్లాం ముఖాలు చూసుకున్నారు. ముసలామెకు మతి తప్పిందేమోనని అంజన్న టేపు చుట్టేసి గోడకు జరిగాడు.

మంగవ్వ కొంగులోంచి మడత పెట్టిన కాగితం తీసింది. "ఏది, నీ పెన్నియ్యి బిడ్డా."

ఏమీ అర్థం కాక, జేబులోంచి తీసి ఇచ్చాడు రఘునందన్. ఆమె కాగితాన్ని స్టూలు మీద పరిచి, ఖాళీగా ఉన్న రెండు చోట్ల అంజన్న చెప్పిన కొలతలు వేసింది. బడి ముఖం చూడని చేత్తో, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ కింద సంతకం చేసింది.

"ఇదేంది?" అన్నాడు రఘునందన్.

"పొద్దున బాండు రాసే హన్మయ్య కాడికి పోయొచ్చిన. సదువు."

గేటు ముందు అంబులెన్స్ ఆగింది. వెనక తలుపు తెరుచుకున్న చప్పుడు, ఆశమ్మ ఏడుపు వినిపించాయి. రఘునందన్ తడబడుతూ చదివాడు: "నా పేరు మీదున్న ఇంటిలో, మెట్ల కింద, ఆరున్నర ఫీట్ల పొడవు, మూడున్నర ఫీట్ల వెడల్పు గల జాగాను నా ఇష్టపూర్తిగా ఏసయ్యకు..."

అతను కాగితం మీంచి తలెత్తి తల్లిని చూశాడు.

"గేటు తియ్యి బిడ్డా," అంది మంగవ్వ స్టూలు పక్కకు జరుపుతూ. "ఆయన సొంతింటికి వచ్చిండు."