పీతను తరిమేసిన చీమ

ఒక కణం రెండుగా చీలే సమయం వచ్చింది. అంతకుముందే లోపలున్న డీఎన్ఏ తాడుకు నకలు తీయాలి. హెలికేజ్ అనే చీమ తాడు పురి విప్పుతూ ముందుకు సాగింది. విడిపోయిన పోగులకు జతగా కొత్త పోగులు అల్లుతూ పాలిమరేజ్ అనే గిజిగాడు వెనకాలే వస్తోంది.

చీమ విప్పేకొద్దీ ముందున్న తాడు ఇంకా బిగుసుకుపోతోంది. అక్కడ టోపోఐసోమరేజ్ అనే పీత తాడును కోసి, బిగువు సడలగానే మళ్ళీ అతికిస్తోంది. అది చూసి చీమకు ఒళ్ళు మండింది.

"నేను ప్రాణం పెట్టి విప్పుతుంటే నువ్వు కోసి పాడుచేస్తావా? పో అవతలికి!"

"బిగువు తగ్గించకపోతే తెగిపోతుంది చెల్లీ" అంది పీత.

చీమ వినలేదు. పీతను కరిచి తరిమేసింది. ఇక అడ్డు లేదని బలంగా లాగింది. తాడు ఫెళ్ళున తెగింది. గిజిగాడు అల్లిక ఆపేసింది. చీమ పరుగున పోయి పీతను తీసుకొచ్చింది.

"అన్నా, అతికించవా? నువ్వు రోజూ చేసే పనేగా!"

పీత తెగిన చోటంతా తడిమి చూసింది. "నేను కొనలు పట్టుకునే కోస్తాను, అందుకే అతికించగలను. వీటిని ఎవరూ పట్టుకోలేదు. ఎటు కొట్టుకుపోయాయో!"

చీమ ఏడుస్తూ వెతికింది. ఒక కొన దొరికింది. దాన్ని వదలకుండా పట్టుకుని రెండోదాని కోసం తడుముకుంటూ ఉండగానే, కణం మెల్లగా ముడుచుకుపోయి చచ్చిపోయింది.