అడుగులో అడుగు

“మా ఆవిడకి కొండలంటే ప్రాణం!” అన్నాడు భర్త కొండలెక్కించే గైడమ్మతో, పటం మీద శిఖరం దాకా వేలు పోనిస్తూ.

ఆవిడ ఉలిక్కిపడింది. ఈ కొండ సంగతి ఆవిడకి తెలిసింది నిన్ననే. టికెట్లు అప్పటికే కొనేశాడు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదే వరస: ఆయన ముందు గబగబా నడవడం, ఆవిడ వెనకాల పరిగెత్తడం. ఇప్పుడు గైడమ్మ ఆఫీసులో గోడకీ ఆయన కుర్చీకీ మధ్య ఇరుక్కుని, గొంతు పెగల్చుకుంది.

“నాకు మోకాలు నొప్పండీ.”

“అన్నీ వంకలే!” కొట్టిపారేశాడు భర్త.

గైడమ్మ తలెత్తింది. “మీ ఇద్దర్లో మెల్లగా నడిచేదెవరు?”

“ఇంకెవరు, ఈవిడే! నత్తకి నడక నేర్పుతుంది.”

“అయితే నా వెనకాల మీరేనమ్మా. పైన గాలి పలచన. మెల్లగా నడిచేవాళ్లు ముందుండాలి, మిగతావాళ్లు వాళ్ల అడుగులో అడుగెయ్యాలి. దాటిపోవడం కుదరదు. మీరు ఆగితే సారూ ఆగాల్సిందే.”

“వారం రోజులూనా?” భర్త గొంతు సన్నబడింది.

“శిఖరం దాకా.”

ఆయన పటం మడిచేశాడు. “పాపం, నీకు మోకాలు నొప్పన్నావు కదా... పోనీ మానేద్దామా?”

ఆవిడ పటం అందుకుని మళ్లీ విప్పింది.

“తగ్గిందండీ,” అంది.