మోగకూడని ఫోను

“ఫోను మోగినట్టుంది, మాకేనా అన్నయ్యగారూ?” గోడ మీదుగా అడిగింది రాధాకుమారి.

“మీకు కాదమ్మా. బందరు నుంచి రంగులవాడు,” అన్నాడు పక్కింటి జగన్మోహనరావు. ఆయనకి కలంకారీ అద్దకం షెడ్డుంది. ఆ వీధిలో ఫోనున్నదీ ఆయనకే.

“హమ్మయ్య!” అనుకుంది ఆవిడ.

2001లో పెడన మొత్తం మీద కూతురి దగ్గర్నుంచి ఫోను రాకూడదని మొక్కుకునే తల్లి బహుశా ఆవిడొక్కతే. కూతురు నాంచారి టెన్నిస్ ఆడుతుంది. సరదాకి కాదు, ప్రపంచ ర్యాంకు కోసం ఆడే ఆట. ఆమెది ఆరు వందల నలభై రెండు. “అంతమంది తర్వాతా?” అని నవ్వేవాళ్లకి తండ్రి గోపాలకృష్ణ దగ్గర సమాధానం సిద్ధంగా ఉండేది.

“ప్రపంచంలో ఆడపిల్లలెంతమందో లెక్కేసుకుని, అప్పుడు నవ్వండి!”

ఆయన నేత పనివాడు. ఒకసారి బందరు క్లబ్బులో టెన్నిస్ నెట్ చిరిగితే బాగుచెయ్యడానికి పిలిచారు. వెంట వెళ్లిన పదేళ్ల నాంచారి ఆరోజు రాకెట్ పట్టుకుంది, మళ్లీ వదల్లేదు. తర్వాత రాకెట్‌కి తీగలల్లడం ఆయనే నేర్చుకున్నాడు. మగ్గం మీద పడుగు దారాల బిగువు చూసినట్టు బొటనవేలితో మీటి, “ఇక కొట్టమ్మా,” అనేవాడు. మిషను మీద కూడా ఆ బిగువు రాదని నాంచారి ఇప్పటికీ రాకెట్లు ఇంటికే పట్టుకొస్తుంది.

ఏడేళ్లుగా ఊరూరా తిరిగి ఆడుతోంది. సీటు దొరక్కపోతే పెట్టె మీద కూర్చుని ప్రయాణం, దిగీ దిగగానే మ్యాచ్. మడమ వాచిపోయినా ఒక్క మ్యాచ్ మధ్యలో వదిలేసి రాలేదు. అబ్బ, ఎంత మొండిపిల్లో!

మొదటిసారి బయల్దేరినప్పుడే ఒక మాట చెప్పింది.

“ఆడాల్సిన మ్యాచ్ ఉన్నంతవరకూ ఫోన్ చెయ్యను నాన్నా. మీ గొంతు వింటే మనసు ఇంటి మీదకి పోతుంది. ఇక ఆట మిగల్లేదన్నప్పుడు చేస్తాను.”

అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఫోనొచ్చిందంటే ఓడిందనే. చిన్న పోటీలు, పేపర్లో వెయ్యరు. ఫోను బుధవారమో గురువారమో వచ్చేసేది.

ఈసారి ఔరంగాబాద్ వెళ్తూ ఇంకో మాట అంది. “గుడివాడ కాన్వెంటులో ఆటల టీచరుగా రమ్మన్నారు. ఇప్పుడు కూడా మామూలే అయితే వచ్చే మంగళవారం చేరిపోతాను. ఇక ఆడను.” గోపాలకృష్ణకి ఆ రాత్రి అన్నం సహించలేదు.

గురువారం ఫోను రాలేదు. శుక్రవారమూ రాలేదు. శనివారానికి రాధాకుమారికి దిగులు పట్టుకుంది.

“ఒంట్లో బాగానే ఉందంటారా?”

“ఆడుతోందే పిచ్చిదానా! ఏడేళ్లలో మనం శుక్రవారం చూశామా?” అన్నాడే గానీ, ఆయన చెయ్యీ మగ్గం మీద నిలవలేదు.

ఆదివారం సాయంత్రం జగన్మోహనరావు గోడ దగ్గరికొచ్చాడు. మొహం వేలాడేసుకుని, “బావా, అమ్మాయి...” అన్నాడు.

అయిపోయిందనుకున్నారు ఇద్దరూ. వెళ్లి రిసీవర్ అందుకుంటే అవతల వెక్కిళ్లు. గోపాలకృష్ణ కూతుర్ని మాట్లాడనివ్వలేదు.

“ఏడవకే నా తల్లీ. ఆదివారం దాకా నిలబడ్డావు, అదేం తక్కువా? ముందు నా మాట విను. గుడివాడ వెళ్లొద్దు. పోగు తెగిందని నేనెప్పుడైనా చీర మధ్యలో వదిలేశానా? ముడేసుకుని నేశాను. నువ్వూ అంతే. రాకెట్లు పట్రా, బిగిస్తాను. మళ్లీ వెళ్దువుగాని.”

“నాన్నా, అది కాదు...”

“నాకు తెలుసులే. నువ్వు ఓడినా నా కంటికి రాణివేనే. ఇన్నేళ్లూ నోరు తెరిచి చెప్పలేదు, నాదే తప్పు.”

పక్కన రాధాకుమారి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన అడగలేక అడిగాడు.

“ఇంతకీ ఎవరి చేతిలో ఓడావమ్మా?”

నాంచారి ముక్కు ఎగబీల్చింది.

“నేను ఓడించడానికి ఇక్కడ ఇంకెవరూ మిగల్లేదు నాన్నా!”