పెరగనివ్వని జుట్టు

ఉసిరి మళ్లీ జుట్టు కత్తిరించుకుంది. ఈసారి మామిడి కొమ్మలు కత్తిరించే కత్తెరతో.

సాయంత్రం కృపామణి డ్యూటీకి వచ్చేసరికి పిల్ల తలంతా గాట్లు. గాట్ల మీద ఎవరో పసుపు అద్దారు. ఇంక మన వల్ల కాదని ఆశ్రమం నడిపే మేడమ్ తేల్చి చెప్పేసింది. పొద్దున్నే జీపు వస్తుంది. ఊరు కాని ఊళ్లో పిచ్చాసుపత్రి. అక్కడికి పోయిన పిల్లలెవరూ తిరిగి రావడం కృపామణి చూడలేదు.

చంద్రగిరి దాటాక కొండ కింద ఉన్న మామిడితోట అది. బస్టాండుల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద దొరికిన ఆడపిల్లల్ని తెచ్చి అందులో పెంచుతారు. మట్టిలో చెయ్యి పెడితే మనసు కుదుటపడుతుందని మేడమ్ నమ్మకం. వచ్చిన ప్రతి పిల్లకూ పెంచుకోమని ఒక మొక్క ఇస్తుంది. పేరు చెప్పని పిల్లలకు ఆ మొక్క పేరే పెట్టేస్తుంది. ఈ పిల్ల రేణిగుంట స్టేషన్లో బెంచీ కింద దొరికింది. గుండుతో వచ్చింది. నోరు విప్పలేదు. ఉసిరి మొక్క ఇచ్చారు, ఉసిరి అయింది. సంపంగి, నేరేడు మాత్రం దాన్ని తిరపతి లడ్డూ అని ఏడిపిస్తారు.

కృపామణి అక్కడ రాత్రి ఆయా. చదువు మధ్యలో ఆగిపోయి పెళ్లయిన మనిషి. పాలు మరిచిన కొడుకును అత్త పక్కన పడుకోబెట్టి పనికి వస్తుంది. వాడు ఇంట్లో ఏడుస్తున్నాడేమోనని ఆమెకు ఇక్కడ కన్ను మూత పడదు. రాత్రి పనికి ఇంతకంటే ఎవరు దొరుకుతారని వాచ్‌మన్ మునెయ్య ఎగతాళి.

మేడమ్ దగ్గర ఆమెకు ఈమధ్యనే మంచి పేరు వచ్చింది. తల్లినని చెప్పుకుని వచ్చి, ఆడపిల్లల్ని తీసుకుపోయి అమ్మేసేవాళ్లు ఉంటారు, కొత్తవాళ్లెవరినీ గేటు దాటనివ్వొద్దని ఉత్తర్వు. మొన్నొక పొద్దుగూకే వేళ అలాంటి ఆడమనిషే వచ్చింది. తల నిండా కొంగు. నందిని అనే తన బిడ్డ ఇక్కడుందా అని అడిగింది. నడుం దాటిన జడట. జనంలో తప్పిపోకూడదని జడ కొసన మువ్వ కట్టిందట. నడిస్తే గల్లుమంటుందట. ఫోటో చూపించమంటే లేదంది. కృపామణి గొళ్లెం తియ్యలేదు. ఆ పేరున్న పిల్ల లేదు, అంత జడ ఉన్న పిల్లా లేదని చెప్పింది. ఉన్నమాటే చెప్పింది.

వచ్చినామె గేటు కమ్మీ పట్టుకుంది. "ఇదే ఆకరిది తల్లీ. ఇంగ యాడా ఎతకను," అనేసి, దొరికిన బస్సెక్కి పోయింది.

"ఏడుపు బాగానే నేర్సుకోనొచ్చినాదబ్బా," అన్నాడు మునెయ్య.

మర్నాడు ఆ సంగతి విని మేడమ్ కృపామణిని అందరి ముందూ మెచ్చుకుంది. ఆ ధైర్యంతోనే ఇప్పుడు కృపామణి నోరు తెరిచి అడిగింది. పొద్దుటిలోగా కారణం కనుక్కుని, ఇంక కత్తిరించనని పిల్ల చేత ఒట్టు వేయిస్తే జీపు ఆపుతారా అని. వేయించు చూద్దాం అంది మేడమ్, నమ్మకం లేకుండానే.

కరెంటు పోయింది. పిల్లలంతా నిద్రపోయారు. ఉసిరి ఎప్పటిలాగే తన మొక్క దగ్గర చేరి, దాని మొదలు చుట్టూ మట్టిని అరచేత్తో చదును చేస్తోంది. కృపామణి లాంతరు తీసుకుపోయి పక్కనే కూలబడింది.

జీపు సంగతి చెప్పింది. పిల్లకు ముందే తెలుసు, తల ఊపింది.

"ఈడ ఉండాలని లేదా నీకు?"

"ఉండాల."

ఇన్ని నెలల్లో కృపామణి విన్న మొదటి మాట అది. ఊపిరి గట్టిగా పీలిస్తే రెండో మాట రాదేమోనని భయం వేసింది.

"మరి ఏల కత్తిరిస్తావు పాపా?"

"అమ్మ వచ్చేదాకా గుండు ఉండాలక్కా. ఎంటికలు వచ్చేస్తే అమ్మకు ఎట్ల తెలుస్తాది?"

కృపామణికి అప్పుడు తట్టింది. కొండకు పోయి గుండు చేయించుకున్న బిడ్డ. ఆ జనంలో తల్లి చెయ్యి జారిపోయింది. తల్లి ఆఖరుసారి చూసింది గుండునే. ఆ గుండు పోతే తల్లి గుర్తుపట్టదని పిల్ల బెంగ.

"పిచ్చిమొగమా, బిడ్డ మొహం మర్సిపోతారా ఎవురన్నా? మా పిల్లోడు గోనెసంచి కప్పుకోని వచ్చినా నేను పట్టేస్తా."

పిల్ల నమ్మనట్టు తల అడ్డంగా ఊపింది.

"సరే, మీయమ్మ వచ్చినప్పుడు నేనుంటా కదా. ఈ పాప గుండు చేయించుకోనుండెనమ్మా అని నేనే చెప్తా. సాలునా?"

"దేవుడికిచ్చేసినానని మర్సిపోకుండా చెప్తావా?"

"చెప్తా. నువ్వు ఎంటికలు పెంచు. దువ్వి జడేసే పూచీ నాది."

కొండ మీంచి చల్లగాలి తోలింది. ఉసిరి మట్టి చేతిని కృపామణి చేతిలో వేసి ఒట్టు పెట్టింది.

కృపామణికి కళ్లనీళ్లు వచ్చాయి. రేపు జీపు ఉత్తదే తిరిగిపోతుంది. మేడమ్‌కు ఏమని చెప్పాలో మాటలు కూర్చుకుంటూ లేచింది. పిల్ల కొంగు పట్టి ఆపింది. మొక్క మొదలు దగ్గర మట్టి గబగబా తవ్వి, ఏదో తీసి, పావడాకు తుడిచి ఆమె అరచేతిలో పెట్టింది.

"జడ వచ్చినాక కొసన ఇది కట్టక్కా," అంది, "నాయన జరం తగ్గాలని, అమ్మ సత్రంలో నిద్రపోతాంటే, చెప్పకుండా నేనొక్కదాన్నే పోయి జడ దేవుడికిచ్చేసినా గానీ, ఈ మువ్వను మటుకు దాపెట్టుకున్నా."