పక్కా రంగు

"చెరుకు కొట్టే కూలిదానికి ఇంత భాష యాడికెళ్లి వచ్చిందయ్యా?" అంటూ ఆత్మారాం పేపరును టేబుల్ మీద కొట్టాడు.

టేబుల్‌కు ఇవతల హనోకు నిలబడి ఉన్నాడు. నిజామాబాద్‌లోని ఆ పెద్ద బట్టల షాపు మేడమీద పబ్లిసిటీ ఆఫీసు. ఆత్మారాం దానికి మేనేజరు. హనోకు పి.యు.సి. పాసై, రెండేళ్లు చిల్లర పనులు చేసి, ఇక్కడ జీతం లేని ట్రైనింగులో చేరి నలభై రోజులైంది. కరపత్రాలు, సినిమా హాల్లో వేసే స్లైడ్లు, పత్రికలకు పంపే ప్రకటనలు అన్నీ అతనే రాయాలి. పని నచ్చితే మూడు నెలలకు నౌకరీ ఇస్తారు.

పేపర్లో పాఠకుల ఉత్తరాల కింద పడిందది. పంపింది లింగవ్వ, బోధన్ దగ్గర చెరుకు కూలీ. ఈ షాపు బోధన్ బ్రాంచిలో పక్కా రంగు అని నమ్మించి ఎర్రచీర అమ్మారట. కట్టుకుని కందకుర్తిలో స్నానానికి దిగిందట. "నా చుట్టూ గోదావరి ఎర్రబడింది. ఒడ్డు మీది జనం నవ్వారు. చీరకు గ్యారంటీ ఇచ్చిన దుకాణం ఆ నవ్వుకేమిస్తుంది?" అని ముగిసింది ఉత్తరం.

ఎప్పుడో పంపిన ఉత్తరం, అచ్చై వారం. చెరుకు కూలీలకు డబ్బులు చేతికొచ్చే రోజులు. అయినా బోధన్ బ్రాంచి మెట్లెక్కే ఆడమనిషే లేదు.

"ఖండన రాయి. ఆమె నోటితోనే తప్పయిందని చెప్పినట్టు రాయి," అన్నాడు ఆత్మారాం. "వేలిముద్ర సంగతి నేను సూసుకుంట. పేపర్ల పడ్డదంటే ఒకటో తారీఖు నుంచి నువ్వు పర్మనెంట్."

హనోకు రాశాడు. చీరను తానే వాషింగ్ సోడా వేసి ఉడకబెట్టానని, ఆ సంగతి దాచి అబద్ధం చెప్పానని, మంచి షాపును బదనాం చేసినందుకు సిగ్గుపడుతున్నానని రాశాడు. లింగవ్వ తరఫున సిగ్గుపడటానికి అతనికి పది నిమిషాలు కూడా పట్టలేదు. సోడా మాట ఆత్మారాం చెప్పింది కాదు. అతనికే తట్టింది.

ఆత్మారాం చదివి తొడ చరిచాడు. "అరె వా! ఏం కలమయ్యా నీది!"

హనోకుకు తల కొట్టేసినట్టయింది. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనుకున్నాడు. అనుకుంటూనే ఆ కాగితాన్ని శుభ్రంగా తిరగరాసి ఇచ్చాడు. డిచ్‌పల్లి ఆసుపత్రిలో వార్డులు ఊడ్చే బాపు, కొడుకు నౌకరీ కోసం ప్రతి ఆదివారం చర్చిలో మోకరించి ప్రార్థన చేస్తున్నాడు మరి.

మర్నాడు పొద్దున్నే షాపు జీపు బోధన్‌కు బయలుదేరింది. కడుపునొప్పి అని హనోకు తప్పించుకోబోయాడు.

"నడువ్ నడువ్. సదివి వినిపించేటోడివి నువ్వే," అని ఆత్మారాం చెయ్యి పట్టి ఎక్కించాడు.

లింగవ్వ చెరుకు తోట గట్టు మీద దొరికింది. యాభై దాటిన మనిషి. జీపును చూసి చేతిలోని కత్తి కింద పెట్టింది. తోటి ఆడవాళ్లు పని ఆపి చుట్టూ మూగారు.

హనోకు చదివాడు. తలెత్తకుండా చదివాడు. సోడా మాట దగ్గరికొచ్చేసరికి గబగబా చదివేశాడు.

"సోడానా?" అంది లింగవ్వ. "మాకు సోడా యాడిది సేటూ? పిడికెడు చౌడు మట్టితోని ఉతుక్కునేటోళ్లం."

"గవన్ని నాకు తెల్వయి. ముద్ర ఎయ్యకుంటే కేసు పెడ్తం. నిజామాబాద్ కోర్టు సుట్టు తిరుగుడైతది. ఏస్తే గీ కొత్త చీర నీది." ఆత్మారాం సంచిలోంచి ఆకుపచ్చ చీర తీశాడు.

"అబద్దాలదాన్నని నేనే ఒప్పుకోవాల్నా? ఒప్పుకొని, మీ చీర సుట్టుకొని, రేపు వీళ్ల నడుమనే తిరుగాల్నా? నాకేం వద్దు మీ చీర."

ఆత్మారాం గొంతు తగ్గించాడు. "సరే అవ్వా, ఇను. నీకు సదువు రాదు. గా ఉత్తరం ఎవడో రాసిచ్చిండు. వాని పేరు చెప్పు. కేసు వాని మీదికి పోతది. నీకు ముద్ర లేదు, కోర్టు లేదు. నీ ఇజ్జత్ నీకుంటది."

"చెప్పరాదె అక్కా," అంది పక్కనున్న గంగుబాయి. "ఎవని కోసమో నువ్వెందుకు దొంగవైతవే?"

లింగవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. గట్టు మీద అందరూ ఆమె నోటి వంకే చూస్తున్నారు.

"పేరు ఎరుకలేదు సేటూ," అంది చివరికి. "పైస సుత తీసుకోలే గా పిలగాడు. ఎవలి బిడ్డనో ఏమో. వాని బతుకు ఖరాబు చేసి నేనేం బాగుపడుత?"

"అయితే ఎయ్యి మరి," అన్నాడు ఆత్మారాం విసుగ్గా.

లింగవ్వ ఎడమ చెయ్యి చాపింది. "యాడ ఎయ్యాల్నో సూపియ్యి బిడ్డా."

హనోకు సిరా డబ్బీ మూత తీశాడు. ఏదో అనబోయాడు. ఒకటో తారీఖు గుర్తొచ్చింది. నోరు మూసుకుని, సిగ్గుతో చచ్చిపోతూ, ఆమె బొటనవేలు పట్టుకుని కాగితం మీద నొక్కాడు.

మూడు నెలల కిందట బోధన్ పోస్టాఫీసు అరుగు మీద, ఆమె వద్దు బిడ్డా అంటున్నా వినకుండా పేపరుకు ఆ ఉత్తరం రాసిచ్చి, కింద ముద్ర వేయించినప్పుడు కూడా అతను పట్టుకున్నది ఈ వేలినే.