రెండో సూది

గాజు సిరంజి అర్జునరావు చేతిలోంచి జారి ఆసుపత్రి గచ్చు మీద భళ్లున పగిలింది.

"వారంలో ఇది రెండోది," అన్నాడు కాంపౌండరు శ్రీరామ్మూర్తి.

అర్జునరావు తల దించుకున్నాడు. విశాఖ పోర్టులో క్రేను నడిపే మనిషి. అరవై అడుగుల ఎత్తున కూర్చుని టన్నుల బరువు ఆడించే ఆ చెయ్యి, అంగుళం సూది పట్టుకుంటే వణికిపోతోంది.

"నెలాఖరుకి నాకు బదిలీ. ఆ తర్వాత నీకు రోజూ ఎవరు పొడుస్తారు? ఇన్సులిన్ మానేసి మొన్న క్రేన్లోనే కళ్లు తిరిగి పడ్డావు. ఇంకోసారి పడితే ఉద్యోగం కాదు, నువ్వే దక్కవు."

వరండాలో బల్ల మీద కూర్చున్న ముసలాయన పకపకా నవ్వాడు. మాసిన లుంగీ, ఒంటినిండా చేపల వాసన.

"ఏటి నవ్వుతన్నావ్?" అని కసిరాడు అర్జునరావు. ఒళ్లు మండిపోయింది.

"నవ్వు రాదేటి బాబూ! నాకూ సుగరే. నాను పొడుసుకోనేటి?"

కాంపౌండరు ముసలాయన వైపు వింతగా చూశాడు.

మర్నాడు అర్జునరావు డ్యూటీకి పోతూ వచ్చేసరికి ముసలాయన ఆ బల్ల మీదే తయారు. పేరు తాతబాబు. చేపలరేవులో వలలు బాగుచేస్తాడట. కాంపౌండరు రెండు సిరంజీలు నింపి తెచ్చి చెరొకటి ఇచ్చాడు.

"సూడు బాబూ. వల లాగీటప్పుడు ఐలెస్సా అని ఊపిరి ఒగ్గీస్తాం. ఊపిరి ఒగ్గీస్తే కండ బిగుసుకోదు. ఆ కేక మీదే గుచ్చీ."

"ముందు నువ్వు గుచ్చుకో."

"ముందూ లేదు, ఎనకా లేదు. ఇద్దరం ఒక్కపాలే."

ముసలాయన లుంగీ తొడ మీదికి జరుపుకున్నాడు. నుదుటి మీద చెమట ధారగా కారుతోంది. ఉక్కపోత కాబోలు అనుకున్నాడు అర్జునరావు.

"ఐ...లెస్సా!"

అర్జునరావు కళ్లు మూసుకుని పొడిచేశాడు. తెరిచేసరికి అయిపోయింది. ఇంతేనా, ఇందుకా ఇన్నాళ్లూ చచ్చింది!

ఇరవై రోజులు అలాగే సాగింది. సూదయ్యాక పక్క బడ్డీలో ఇద్దరూ పంచదార లేని టీ తాగేవారు. ముసలాయన మొహం చేదు మందు మింగినట్టు పెట్టేవాడు.

కాంపౌండరు బదిలీ మీద వెళ్లిపోయాడు. అర్జునరావు ఇంట్లో తనే పొడుచుకోవడం మొదలుపెట్టాడు. మళ్లీ క్రేను ఎక్కాడు. ఇదంతా తన ధైర్యమేనని నలుగురితో చెప్పుకున్నాడు కూడా. ఆరు నెలలు చేపలరేవు మొహం చూడలేదు.

ఒకనాడు ముసలాయన గుర్తొచ్చి, సిగ్గుపడి, ఆయన కోసం ఇన్సులిన్ సీసా ఒకటి కొని, వాకబు చేసి ఇంటికి తీసుకెళ్లాడు.

గుమ్మంలో వల ముందేసుకుని ఆయన భార్య గంగాలమ్మ కూర్చుని ఉంది.

"మా ముసిలోడు లేడు బాబూ. పోయిన నెల జొరమొచ్చి ఎల్లిపోనాడు."

అర్జునరావు చేతిలో సీసా ఏం చెయ్యాలో తోచక ఆమె ముందు పెట్టాడు.

"ఇదేటి బాబూ?"

"ఆయన సుగరు మందమ్మా."

"ఆయనకి సుగరేటి! బెల్లం ముక్క లేందే టీ ముట్టీవోడు కాదు. సూదంటే సచ్చీంత బయం కూడాను. ఆ ఇరవై రోజులూ ఇంటికొచ్చి సేతులొణుకుతా కూకునీవోడు."

"మరి ఆయన సిరంజిలో ఉన్నదేంటి?"

"కాంపౌండరు బాబుని బతిమాలి ఉత్త నీల్లు పోయించుకున్నాడంట."

అర్జునరావు రెండు చేతులూ వాటంతటవే జోడించుకున్నాయి. ఎంత మనిషి! ఎంత మనిషి పక్కన కూర్చున్నాడు తను!

"ఎందుకమ్మా? నేను ఆయనకి ఏమవుతాననీ?"

గంగాలమ్మ వల మీంచి తలెత్తింది.

"నానూ అదే అడిగినాను బాబూ. 'ఆ క్రేను బాబు ఒక్కడే బయపడిపోతన్నాడే, ఇద్దరం బయపడితే సగమైపోద్ది' అన్నాడు."