లేవని రెండో డిస్కు

పదకొండోసారి చేస్తే గానీ ఆయన ఫోన్ ఎత్తలేదు. అప్పటికే ఆమె పళ్లు పటపటా కొరుకుతోంది.

ఆసుపత్రి కింది అంతస్తులో, కిటికీ లేని చల్లటి గదిలో, యునిక్స్ సర్వర్ పొద్దున తొమ్మిదిన్నరకి చచ్చి కూర్చుంది. ల్యాబ్ రిపోర్టులు, మందుల చీటీలు, బ్లడ్ బ్యాంకు వివరాలు, అన్నీ దాంట్లోనే. సిస్టమ్ డిస్కు పోయింది. పోతే పోయింది, అలాంటి రోజు కోసమే కదా పక్కన రెండో డిస్కు పెట్టి మిర్రరింగ్ చేసింది. మొదటిదాంట్లో ఏది పడినా రెండోదాంట్లోనూ పడుతుంది. ఒకటి పడుకుంటే రెండోది లేవాలి.

లేవలేదు. రెండో డిస్కులో బూట్ బ్లాక్ లేదని తెర మీద ఒక్క ముక్క వచ్చి ఆగిపోయింది. మెషీన్ ఆన్ కాగానే డిస్కులో మొట్టమొదట వెతుక్కునేది దాన్నే. ఇల్లంతా కట్టి గుమ్మం పెట్టడం మరిచిపోయినట్టుంది వ్యవహారం.

ఆ పని చేసింది ఆమె పై అధికారి. నిప్పుకోడి అన్న మారుపేరు చెబితేనే ఆయనెవరో ఆసుపత్రిలో ఎవరికైనా తెలుస్తుంది. కేబుల్‌కి చీటీ అంటించలేదని గది దద్దరిల్లేలా అరిచే మనిషి. ఆరేళ్లుగా ఆమె ఆ అరుపులు పడుతోంది. నెల కిందట ఈ మిర్రరింగ్ తనే చేశాడు. ఆమెను కీబోర్డు ముట్టుకోనివ్వలేదు. పూర్తయిందని రిజిస్టర్లో సంతకం కూడా పెట్టాడు. నిన్న సాయంత్రం మాత్రం సొంత పని అని ఒక్క ముక్క పంపి సెలవు పెట్టేశాడు.

“మీరు బూట్ బ్లాక్ రాయలేదు,” అంది ఆమె, హలో కూడా అనకుండా.

అవతల గొంతు మెత్తగా పలికింది.

“అవును. ఆ రోజు మధ్యలో లేచి వెళ్లిపోయాను. మర్నాడు అంతా అయిపోయిందనుకున్నాను. తప్పు నాదే.”

ఆ మెత్తదనానికి ఆమె ఒళ్లు ఇంకా మండింది. నడుం బిగించి పోట్లాటకు వస్తే ఎదుటి మనిషి తప్పు ఒప్పేసుకున్నాడు. ఇక ఆ కోపాన్ని ఏం చేసుకోవాలి?

అలమర పై అరలో ఇన్‌స్టలేషన్ సీడీ ఉంది, తియ్యమన్నాడు. ముందు సీడీతో మెషీన్‌ని లేపి, ఆ తర్వాత రెండో డిస్కులో బూట్ బ్లాక్ రాయాలి. ఆ పాత డ్రైవు మూలుగుతూ సీడీ చదవడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. ఆ ఎనిమిది నిమిషాల్లో ఆమె ఆరేళ్ల కక్ష కక్కేసింది. తాళంచెవులు బొడ్లో దోపుకున్న అత్తగారిలా పాస్‌వర్డులన్నీ తన దగ్గరే దాచుకున్నాడని, ఒక్క పనీ నేర్పలేదని, ఆమె కూతురి పుట్టినరోజున కూడా ఆమె చేత సర్వర్ రాక్ వెనక దుమ్ము దులిపించాడని. ఆయన ఊఁ కొడుతూ విన్నాడు. మధ్యలో పక్కన ఎవరినో ఇంకో పది నిమిషాలు ఆగమని బతిమాలుకోవడం వినిపించింది. ఏ చుట్టాలింట్లోనో కాళ్లు చాపుకుని కబుర్లు చెబుతున్నాడనుకుంది.

బల్ల మీది ఫోన్ మోగింది. ఆపరేషన్ థియేటర్ నర్సు. ఆవిడని అందరూ అక్కా అనే పిలుస్తారు. పొద్దుటినుంచి ఇది మూడో ఫోన్. కడుపులో పుండు పగిలి రక్తం పోతున్న కేసు ఒకటి థియేటర్ బయట ఆగి ఉంది. సరిపడే రక్తం రాత్రే పరీక్ష చేసి పక్కన పెట్టారు. కానీ ఏ సంచి ఎవరికన్నది సర్వర్‌లోనే ఉంది. మళ్లీ మొదటినుంచి పరీక్షలంటే గంట పైనే. అంతసేపు ఆగే కేసు కాదంటున్నాడట డాక్టరు.

ఆమె ఆ ఫోన్ పెట్టేసి ఈ ఫోన్ మీద విరుచుకుపడింది.

“పైన ఎవరి ప్రాణమో కొట్టుకుంటోంది సార్. మీకు సరిగ్గా ఇవాళే సెలవు కావాల్సొచ్చింది.”

“తెలుసు. నువ్వు తొందరపడకు. రెండు డిస్కుల నంబర్లూ పైకి చదువు. తప్పు చోట రాశావంటే ఇక ఎవరూ ఏమీ చెయ్యలేరు.”

చదివింది. మళ్లీ చదవమన్నాడు. చదివింది. కమాండు ఒక్కొక్క అక్షరం చెబుతూ కొట్టించాడు. సగంలో ఆయన మాట ముద్దయింది, ఏదో మింగుతున్నట్టు. తినడం అయ్యాక చెబుతారా అని ఆమె కసిరింది. లేదు, కానివ్వు అన్నాడు. చివరి మాట రెండుసార్లు చెప్పాడు.

ఎంటర్ కొట్టింది. తెర ఏమీ అనలేదు. యునిక్స్ ఏమీ అనలేదంటే పని అయినట్టే. మెషీన్ ఇక ముందుగా రెండో డిస్కునే చూసేలా మార్పించి, సీడీ తీయించి, మళ్లీ స్టార్ట్ చెయ్యమన్నాడు.

ఫ్యాన్లు హోరుమన్నాయి. వరసలు వరసలుగా అక్షరాలు దిగాయి. లాగిన్ వచ్చింది. పక్క గదిలో ల్యాబ్ ప్రింటరు గరగరమంటూ కాగితాలు ఉమ్మడం మొదలుపెట్టింది.

“లేచింది,” అంది ఆమె. గొంతులో ఉరుము ఇంకా తగ్గలేదు.

“ఇప్పుడు మనకున్నది ఆ ఒక్క డిస్కే. కొత్తది పెట్టేదాకా ఆ గది వదలకు.”

“వదలను. రేపు మీరు రండి, అప్పుడు తేల్చుకుంటాను.”

“రావాలనే నాకూ ఉంది,” అన్నాడాయన.

ఆమె ఇంకో మాట అనబోతుంటే బల్ల మీది ఫోన్ మళ్లీ మోగింది. సెల్‌ఫోన్ ఓ చెవి దగ్గరే ఉంచుకుని, రెండో చేత్తో దాన్ని అందుకుంది.

“నీ చేతులు వణుకుతాయని ఆయన నీకు చెప్పొద్దన్నారు గానీ, ఇక ఆ ఫోన్ పెట్టెయ్యమ్మా, ఆయన్ని లోపలికి తీసుకెళ్లాలి,” అంది థియేటర్ నర్సు.